అక్షరాలున్న దరఖాస్తు

మా పురపాలక సంఘం కాగితం మానేసింది. చుట్ట మానేసినవాడు కొనడం మాత్రమే మానేసి, ఎదురుపడిన ప్రతివాణ్ణీ ఒకటిమ్మని అడుగుతాడు చూడండి, అలా మానేసింది.

'కాగితరహిత కార్యాలయం' అన్న బిరుదు కోసం మొదట ఆఫీసులోని ప్రింటర్లన్నీ తీసేశారు. తీసేశాక ఎవరికో సందేహం వచ్చింది. కాగితాల్లేకపోతే ఫైళ్ళలో ఏం పెడతాం? ఫైళ్ళే లేకపోతే దుమ్ము ఎక్కడ పడుతుంది? దాంతో కొత్త ఉత్తర్వు వెలువడింది. ఇకమీదట ఆఫీసుకు కావలసిన ప్రతి కాగితాన్నీ పౌరుడే పురపాలక వెబ్‌సైటు నుంచి, తన ఇంట్లో, తన సొంత ప్రింటరు మీద ముద్రించి, అడుగున సంతకం పెట్టి తెచ్చి ఇవ్వాలి. బజారులో జిరాక్సు షాపులో తీయించిన ప్రింటు చెల్లదు. అది 'వాణిజ్య కాగితం' అవుతుందట.

ఈ సంస్కరణకు కర్త తాటిపర్తి వైకుంఠరావు గారు. హోదా గృహ ముద్రణ సమన్వయాధికారి. టౌన్‌హాల్లో జరిగిన అవగాహన సదస్సులో ఆయన ఇలా సెలవిచ్చారు:

"ముద్రణా భారాన్ని వికేంద్రీకరించి పౌరుని గృహాంగణంలోకి తీసుకువెళ్ళడమే మా ధ్యేయం. నిన్నటిదాకా పౌరుడు కార్యాలయానికి వచ్చేవాడు. ఇకమీద కార్యాలయమే పౌరుని ఇంట్లో కొలువుంటుంది."

"మరి జీతం కూడా మా ఇంట్లోనే ఇస్తారాండీ?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

ఆ ప్రశ్న సదస్సు పరిధిలోకి రాదని చెప్పి అందరికీ బాదంపాలు పంచారు. బాదంపాలు మాత్రం బాగున్నాయి. ఉన్నమాట చెప్పుకోవాలి.

ఉత్తర్వు కింద మొదట పడ్డవి కుళాయిలు. ఊళ్ళో ప్రతి కుళాయి కనెక్షన్నీ నెలాఖరులోగా మళ్ళీ నమోదు చేయించుకోవాలి. లేకపోతే కోసేస్తారు. మా ఇంటి కుళాయి మా ఆవిడ కాత్యాయని పేరున ఉంది. ఆవిడ పోయి రెండేళ్ళు దాటింది. కుళాయి మాత్రం ఇప్పటికీ ఆవిడ లేచే వేళకే, తెల్లవారుజామున, ఒకసారి దగ్గి, నీళ్ళు వదులుతుంది. ఆ చప్పుడుకే నేనూ లేస్తాను. మాకు బోరు లేదు. మేడమీద వాటాలో షాహిదా అద్దెకుంటోంది. భర్త బస్సు కండక్టరు, చేతిలో నెలల పిల్ల. ఆ కుళాయి పోతే పసిదాని స్నానానికి కూడా వీధి చివర ట్యాంకరు దగ్గర కుస్తీ పట్టాలి.

కాబట్టి ఊరంతా కొన్నట్టే నేనూ ప్రింటరు కొన్నాను.

ఆ రోజుల్లో మా వీధి చూడవలసిందే. ఎదురింటాయన ప్రింటరుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. కొబ్బరినీళ్ళు కాగితాల ట్రేలోకి పోయాయి. ఒకరింట్లో దరఖాస్తుకి బదులు ఛైర్‌పర్సన్ గారి ఫొటో ఒక్కటే ట్రే ఖాళీ అయ్యేదాకా వచ్చింది. ఇంకొకరు ఇక్కడ మీట నొక్కితే పక్కింటి ప్రింటర్లోంచి వచ్చింది. ఆ రెండిళ్ళకీ మాటల్లేవు గనక పక్కింటివాళ్ళు ఆ కాగితం గోడమీద పెట్టి, ఎగిరిపోకుండా దానిమీద చెప్పు పెట్టి వెళ్ళారు. "రెండు గదులు, వంటిల్లు, ప్రింటరు: అద్దెకివ్వబడును" అని గేట్లకి అట్టలు వేలాడాయి.

ఈ గండాలన్నీ గడిచి, కాగితం ఇరుక్కోకుండా, సిరా ఎండకుండా, వైఫై తెగకుండా చివరికి దరఖాస్తు బయటికొచ్చిన ఇళ్ళలో మరో చిక్కు తేలింది. వచ్చిన కాగితం ఖాళీగా ఉంది.

కారణం పెద్దదేమీ కాదు. వెబ్‌సైటులో ఆ దరఖాస్తు ముదురు నీలం మీద తెల్లటి అక్షరాలతో ఉంటుంది. దాన్ని తయారుచేసినవారికి అది అందంగా కనబడి ఉంటుంది. వెబ్‌సైటు నుంచి ప్రింటు తీసేటప్పుడు మనం ప్రత్యేకించి చెబితే తప్ప వెనక రంగు పడదు. తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు. పైన తేదీ, కింద వెబ్‌సైటు చిరునామా, మధ్యలో ఏమీ లేదు.

అలాంటి కాగితాన్ని మొట్టమొదట కౌంటరుకి తెచ్చింది ఎదురింటాయనే. వెనక నేనున్నాను. కౌంటర్లో పద్మలోచన గారు దాన్ని అటూ ఇటూ తిప్పారు.

"ఇదేంటండీ? ఏమీ లేదు!"

"మీ వెబ్‌సైటులోదేనమ్మా. కింద అడ్రసు చూడండి. మా ఇంట్లో, మా సొంత ప్రింటరు మీదే తీశాను. కావాలంటే వాసన చూడండి, కొబ్బరి వాసనొస్తుంది."

ఆవిడ దాన్ని వైకుంఠరావు గారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన కాగితాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నారు.

"తేదీ ఉంది. చిరునామా ఉంది. సంతకం ఉంది. ఇంకేం కావాలి?"

"విషయం అండీ."

"విషయం వెబ్‌సైటులో ఉంది కదమ్మా. మళ్ళీ కాగితం మీద కూడా ఉంటే మనది కాగితరహిత కార్యాలయం ఎలా అవుతుంది?"

పద్మలోచన గారు కాగితం తీసుకుని కౌంటరుకి తిరిగొచ్చారు. సాయంత్రానికి సర్క్యులరు వెలువడింది. దరఖాస్తు మధ్యభాగం ఖాళీగా ఉండటం లోపంగా పరిగణించరాదు. అన్ని దరఖాస్తులూ ఒకేలా ఉండటం వల్ల పక్షపాతానికి తావుండదు. కనుక ఇకపై ఇదే నిర్దేశిత నమూనా.

ఇంట్లో నా ప్రయత్నాలు నేను చేస్తున్నాను. ప్రింటు తీసే ముందు తెర మీద వచ్చే పెట్టెలో, అట్టడుగున, 'బ్యాక్‌గ్రౌండ్' అన్న మాట పక్కన చిన్న గడి ఒకటి కనబడింది. అందులో టిక్కు పెట్టాను. ప్రింటరు చాలాసేపు మూలిగి, తడితడిగా ఒక నీలం కాగితాన్ని కక్కింది. సిరా సగం అందులోనే ఖర్చయింది. కానీ అక్షరాలన్నీ ఉన్నాయి. 'ప్రస్తుత కనెక్షనుదారు' అన్నచోట కాత్యాయని పేరు, ఒక్క తప్పు లేకుండా, ముత్యాల్లా ఉంది. ఆసుపత్రి బిల్లు మీద కూడా ఆవిడ పేరు అంత శుభ్రంగా రాలేదు. ఫ్యాను కింద ఆరబెట్టి, నా సంతకం పెట్టి తీసుకెళ్ళాను.

పద్మలోచన గారు చూసి కంగారుపడ్డారు.

"అయ్యో మాస్టారూ, దీన్లో అక్షరాలున్నాయండీ!"

"దరఖాస్తు కదమ్మా. ఉంటాయి."

"ఎవరికీ లేవండీ. నేను తీసుకుంటే నా మీదకొస్తుంది. సారు దగ్గరికెళ్ళండి." ఆవిడ నా వయసు చూసి, తన పక్కనున్న కుర్చీ లాగి ఫ్యాను కింద వేశారు. ఆ ఆఫీసులో ఉత్తర్వు లేకుండా జరిగిన పని అదొక్కటే.

వైకుంఠరావు గారు నా కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకున్నారు.

"మీ దరఖాస్తు తక్కినవాటితో ఏకరూపత కలిగిలేదు."

"ఇది మీ వెబ్‌సైటులో ఉన్నదున్నట్టుగా వచ్చిందండి."

"కావచ్చు. కానీ మా దరఖాస్తు ఇలా ఉంటుందని ఇంతవరకు ఎవ్వరూ చెప్పలేదు. ఊరందరికీ ఒకలా వచ్చి మీ ఒక్కరికి మరోలా వచ్చిందంటే తేడా ఎక్కడుందంటారు?"

"ఒకసారి చదివి చూడండి. మీకే తెలుస్తుంది."

"చదవకూడదు" అన్నారాయన గంభీరంగా. "చదివితే అభిప్రాయం ఏర్పడుతుంది. అభిప్రాయం ఏర్పడితే నిష్పాక్షికత దెబ్బతింటుంది. మీ ప్రింటరులో సాంకేతిక దోషం ఉంది. పరీక్షకుణ్ణి పంపిస్తాను. ఈలోగా దాంతో ఇంకేమీ ముద్రించకండి. సంక్రమించే రకమేమో."

మర్నాడు పరీక్షకుడు భానోజీ వచ్చాడు. భుజానికి సంచి, చేతిలో స్క్రూడ్రైవరు. ముందు ప్రింటరు ఇంట్లోదేనా, అద్దెకు తెచ్చిందా అని విచారించాడు. ఆ తర్వాత టేపు తీసి ప్రింటరుకీ వంటింటికీ మధ్య దూరం కొలిచాడు.

"అదెందుకు బాబూ?"

"గృహ ముద్రణ కదండీ. గృహం ఎంతలో ఉందో చూడాలి కదండీ మరి." మజ్జిగ ఇస్తే తాగి, చల్లబడి, ప్రింటు తీయమన్నాడు. నీలం కాగితం వచ్చింది. భానోజీ నాలుక కరుచుకున్నాడు.

"ఆయ్, బాగా ముదిరిపోయిందండీ. మొత్తం అక్షరాలే."

పిల్లనెత్తుకుని మెట్లు దిగి వచ్చిన షాహిదా గుమ్మంలో నిలబడింది. "ఏంటన్నా, బతుకుతుందా?" అని అడిగింది.

"చూద్దామండీ. నేను చూసినవాటిల్లో ఇదే మొండి కేసు." అతను తెర మీదికి వంగి, ఆ అడుగు గడి చూశాడు. మొహం వెలిగింది. "ఇదిగో! టిక్కు పడిపోయిందండీ ఇక్కడ. ఎవరు పెట్టారు?"

"నేనే."

"తెలిసి పెట్టారా, తెలియక పెట్టారా?"

"తెలిసే."

అతను టిక్కు తీసేశాడు. మీట నొక్కాడు. ప్రింటరు ఏ బాధా లేకుండా తెల్ల కాగితం ఒకటి సున్నితంగా బయట పెట్టింది. భానోజీ దాన్ని మంత్రసాని పిల్లనెత్తినట్టు ఎత్తి చూపించాడు.

"కుదుటపడిందండీ! పెట్టేయండి సంతకం. నేనే పట్టుకెళ్ళి ఇచ్చేస్తాను. మీకు ఆఫీసు చుట్టూ తిరుగుడు కూడా ఉండదు."

కలం తీశాను. మూత కూడా తీశాను. కానీ చెయ్యి కాగితం మీదికి పోలేదు. నలభయ్యేళ్ళు కాపురం చేసిన మనిషి మాట మన చేతుల్లో ఎక్కడో ఉండిపోతుంది. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టేవాడు తలుపు తీసి నిద్రపోయేవాడితో సమానం అనేది మా ఆవిడ. చిట్టీల వాళ్ళొచ్చినా, చుట్టాలొచ్చినా అదే మాట.

"ఈ ఖాళీలో ఏం రాస్తారు బాబూ?" అన్నాను.

"ఏం రాయరండీ. ఖాళీయే కదండీ."

"ఏం రాయనప్పుడు సంతకం దేనికి?"

భానోజీ షాహిదా వైపు చూశాడు, మీరైనా చెప్పండన్నట్టు. ఆ అమ్మాయి చెప్పింది కూడా.

"బాబాయ్ గారూ, ఊరంతా పెట్టింది. నెలాఖరు నాలుగు రోజుల్లోకి వచ్చేసింది. నీళ్ళు పోతే ఈ పిల్లతో నేనేం చెయ్యాలి? సంతకమే కదా!"

అది కాదనగలిగే మాట కాదు. పిల్ల కూడా నా వైపే చూస్తోంది, పిడికిలి నోట్లో పెట్టుకుని. నేను కలానికి మూత పెట్టాను. పెట్టినందుకు సిగ్గుపడ్డాను. అయినా మళ్ళీ తియ్యలేదు.

"ఆ నీలం కాగితం మీద ఎన్ని సంతకాలు కావాలన్నా పెడతానమ్మా. దీనిమీద నావల్ల కాదు."

షాహిదా పిల్లని భుజాన వేసుకుని మేడ మీదికి వెళ్ళిపోయింది. భానోజీ తన రిపోర్టులో ఇలా రాసుకున్నాడు: ప్రింటరుకు నయమైనది. యజమానికి నయం కాలేదు.

నెలాఖరు దాటింది. రోజూ తెల్లవారుజామున కుళాయి దగ్గే చప్పుడు కోసం చెవులు రిక్కించి పడుకునేవాణ్ణి. వస్తూనే ఉంది. ఎందుకు వస్తోందో అర్థం కాక, ఆ భయం భరించలేక, నేనే ఆఫీసుకి వెళ్ళాను.

"మీ కనెక్షను రద్దయింది మాస్టారూ" అన్నారు పద్మలోచన గారు నొచ్చుకుంటూ. "కానీ కొయ్యాలంటే ముందు నోటీసు ఇవ్వాలండి. మన దగ్గర ప్రింటర్లు లేవు కదా. ఆ నోటీసు మీరే వెబ్‌సైటు నుంచి ప్రింటు తీసి, సంతకం పెట్టి తెచ్చి ఇవ్వాలి. అప్పుడు దాన్ని మీకు జారీ చేస్తాం."

"నా కుళాయి కొయ్యడానికి నేను దరఖాస్తు పెట్టాలా?"

"దరఖాస్తు కాదండీ, నోటీసు. మీ ఇంట్లో, సొంత ప్రింటరు మీద."

నేను చట్టానికి లోబడే మనిషిని. ఇంటికెళ్ళి టిక్కు పెట్టి నోటీసు ప్రింటు తీశాను. అదీ నీలం మీద తెలుపే. అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. కింద సంతకం పెట్టి తెచ్చి ఇచ్చాను. పద్మలోచన గారు కాగితం చూశారు. నన్ను చూశారు. ఆవిడ పెదవులు అదిరాయి. నవ్వే అనుకుంటాను.

"తీసుకోవడానికి వీల్లేదండి మాస్టారూ" అన్నారు మెల్లగా. "దీన్లో అక్షరాలున్నాయి."

నమూనాకు విరుద్ధమైన నోటీసు చెల్లదు. నోటీసు చెల్లకుండా కుళాయి కొయ్యడం చెల్లదు. ఆవిడ ఆ కాగితాన్ని శ్రద్ధగా మడిచి, రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చారు. ఇంటికొచ్చి షాహిదాతో చెబితే, అన్ని రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది.

"అంటే మన కుళాయి లేనట్టా, ఉన్నట్టా బాబాయ్ గారూ?"

"లేదమ్మా. కానీ నీళ్ళొస్తాయి."

ఇంతలో పురపాలక సంఘానికి కొత్త ఉత్సాహం పుట్టింది. ఈసారి నీటి పొదుపు. ప్రతి కుళాయికీ 'పొదుపు బిరడా' ఒకటి బిగించాలి. దాని మధ్యలో సూదిబెజ్జమంత రంధ్రం. అయితే పౌరుడి లిఖితపూర్వక సమ్మతి లేనిదే బిగించరాదని పైనుంచి నిబంధన. వైకుంఠరావు గారు ఎంతమాత్రం చలించలేదు. ఊరందరి సంతకాలతో ఖాళీ కాగితాలు బీరువాల నిండా ఉన్నాయి. ప్రింటరు అక్కర్లేదు. ఒక రబ్బరు ముద్ర చేయించారు: 'పొదుపు బిరడా బిగించుటకు నా సంపూర్ణ సమ్మతి.' సిరా అద్దడం, కొట్టడం. రెండు రోజుల్లో ఊరంతా సమ్మతించింది. ప్రజల్లో ఇంత ఏకాభిప్రాయం తమ సర్వీసులో చూడలేదని కమిషనరు గారు ప్రకటన ఇచ్చారు.

ఎదురింటాయన ఆఫీసుకి పరిగెత్తాడు.

"నేనెప్పుడు ఒప్పుకున్నానండీ?"

"ఈ సంతకం ఎవరిది?"

"నాదే."

"పైన ఉన్నది?"

"నేను పెట్టినప్పుడు పైన ఏమీ లేదండీ!"

"ఆ అభ్యంతరం అప్పుడే తెలపవలసింది" అన్నారు వైకుంఠరావు గారు.

బిరడాలు బిగిశాయి. ఊళ్ళో కుళాయిలు నీళ్ళు వదలడం మానేసి చెమట పట్టడం మొదలుపెట్టాయి. బిందె నిండేసరికి మధ్యాహ్నం అయ్యేది. మా ఇంటికి బిరడావాళ్ళు వచ్చారు, జాబితా చూసుకున్నారు, వెళ్ళిపోయారు. సమ్మతి కాగితం లేని ఇంట్లో, అందులోనూ లేని కనెక్షనుకి బిరడా బిగించే అధికారం వాళ్ళకి లేదు.

దాంతో తెల్లవారేసరికి మా గేటు ముందు బిందెలు బారులు తీరడం మొదలైంది. షాహిదా పిల్లని నా ఒళ్ళో పెట్టి, కొంగు బిగించి, వరస చూసుకునేది. ఎవర్నీ ముందుకి తోసుకు రానిచ్చేది కాదు. పసిపిల్ల బరువు, నీళ్ళ చప్పుడు. ఇల్లు మళ్ళీ ఇల్లులా ఉంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు గానీ, సంఘం మీద కోపం ఆ గంటసేపు మరిచిపోయేవాణ్ణి.

ఒకరోజు వరసలో హెల్మెటు తీయకుండా ఒకాయన రెండు బకెట్లతో నిలబడ్డాడు. షాహిదా గుర్తుపట్టింది.

"సార్, హెల్మెటు తీసెయ్యండి. ఇక్కడెవరూ చలానా రాయరు."

వైకుంఠరావు గారు తీశారు. వరసలో గుసగుస లేచింది. ఎదురింటాయన తన బిందె ముందుకు జరిపి, "ఏంటండీ, సమ్మతించారా తమరు కూడా?" అన్నాడు.

"నియమం అందరికీ ఒకటే" అన్నారాయన, కాస్త నీరసంగా. "నమూనా ఖరారయ్యాక మొదటి సంతకం నాదే."

బకెట్లు నిండాక ఒకటి నేను పట్టి స్కూటరు మీద పెట్టాను. పెద్దమనిషి, నడుం పట్టేసినట్టుంది. ఆయన నాకేసి తిరిగారు. కృతజ్ఞత చెబుతారేమో అనుకున్నాను.

"మీ కుళాయి బాగా పనిచేస్తోంది. దీన్ని కార్యాలయం దృష్టికి తీసుకువెళ్ళాలి" అన్నారు.

తీసుకువెళ్ళారు కూడా. వారం తిరక్కుండా భానోజీ ఇద్దరు మనుషులతో వచ్చి మా గేటు మీద పెద్ద బోర్డు బిగించాడు. 'పురపాలక సంఘం వారి ఆదర్శ జల పంపిణీ కేంద్రం. పౌరుల సహకారంతో.' ఎల్లుండి ఉదయం కమిషనరు గారు రిబ్బను కత్తిరిస్తారట. వైకుంఠరావు గారి తరఫున రాష్ట్రస్థాయి పురస్కారానికి ఈ కుళాయినే పంపిస్తున్నారట. నన్ను ముందు వరసలో కూర్చోబెడతారని, తెల్లచొక్కా వేసుకోమని భానోజీ మరీ మరీ చెప్పి వెళ్ళాడు.

బోర్డు బాగానే ఉంది. నేను కింద నిలబడి చదువుతుంటే షాహిదా పిల్లనెత్తుకుని వచ్చింది. ఒకసారి పైకి చూసింది. పిల్లని నాకందించి, పరుగున మేడ మీదికి వెళ్ళి, గంగాళం, రెండు గిన్నెలు, పిల్ల స్నానాల తొట్టి, ఆఖరికి ప్రెషరు కుక్కరు కూడా చంకన పెట్టుకుని దిగింది.

"ఏంటమ్మా ఇవన్నీ?"

"బోర్డు పెట్టేశారు బాబాయ్ గారూ" అంది కుళాయి పూర్తిగా తిప్పుతూ. "ఎల్లుండి నుంచి ఇంక దీన్లో నీళ్ళు రావు. మీ ఇంట్లో ఏమేం ఉన్నాయో తీసుకురండి, నింపేసుకుందాం."

నేను లోపలికెళ్ళి కాత్యాయని ఇత్తడి బిందెలు అటక మీద నుంచి దించాను.